మూడు కన్నుల చూపు



గడచిన శీతకాలమున ఒకనాటి వేకువజామున గండిమైసమ్మ కూడలియొద్ద మేము నలుగురైదుగురు పెద్దలము నిలిచియుంటిమి. ఇంకను సూర్యోదయము కాలేదు. నేల యంతయు చీకటిగా నుండెను. తూర్పుదిక్కు మాత్రము తెల్లవాఱుచుండెను. ఆ సమయమున ఆకాశమున మిక్కిలి యెత్తున తెల్లని బిందువొకటి వెలుగుచుండెను. అది చుక్కవలె మిణుకుమనుట లేదు. విమానమువలె పరుగిడుటయు లేదు. "పంతులుగారూ, గది వేగుచుక్కనా?" అని యొకరు నన్నడిగిరి. వేగుచుక్క యెన్నడును నడినెత్తికి రాదని నేనంటిని. దుండిగల్లు విమాన శిక్షణాలయము సమీపముననే యున్నది గనుక అది విమానమే యని మఱియొకరు వాదించిరి. మూడవవారు వాదములోనికి దిగక అమ్మవారి గుడివైపు తిరిగి చేతులు జోడించిరి.

అది నక్షత్రమును కాదు, విమానమును కాదు. హైదరాబాదు నగరమునకు తూర్పున ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతమున టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమొకటి యున్నది. రాత్రివేళ అచటనుండి విడిచిన పెద్ద బుడగ యది. ఎత్తైన కొండశిఖరమునకు ఊరికన్న ముందుగా ఎండ తగులునట్లు, మనకు చీకటిగా నున్నప్పుడే దానికి సూర్యుడుదయించినాడు. ఆ యెండకే అది మెఱయుచున్నది. ఈ సంగతి చెప్పగా, "అంతపైకి పోయి యేమి చూచునండీ?" అని ఆ పెద్దలడిగిరి. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా నేనానాడు చెప్పిన మాటలనే కొంత విస్తరించి నేడు మీకు మనవి చేయుచున్నాను.

మా కూడలి పేరులోనే 'గండి' యున్నది. చెఱువుకట్ట తెగి నీరు వెడలిపోయిన చోటును గండి యందుము. మన ప్రాంతమున చెఱువుకట్టలమీద మైసమ్మను కట్టను కాచు తల్లిగా కొలుచుట మీరెఱిగినదే. తల్లి కాచునని మన నీరటివాండ్రు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వానకాలమున నీరటివాడు కట్టను పరీక్షించు తీరు జ్ఞాపకము చేసికొనుడు. మొదట కట్టమీద నడచి బీటలున్నవేమో కంటితో చూచును. పిదప కట్టవెనుక వాలున వట్టికాళ్ళతో తిరిగి, ఎచట నేల చల్లగా, చెమ్మగా తగులునో అరికాలితో తెలిసికొనును. అనుమానమైన చోట గడ్డపాఱ దింపి లోపల బొఱియ యున్నదేమో కనుగొనును. పైబీటను కన్ను చూచినది. ఊటను స్పర్శ కనిపెట్టినది. లోపలి డొల్లను గడ్డపాఱ తెలిపినది. మూడును ఒక్కచోటనే కలిసెనా, ఆ రాత్రి ఊరంతయు మట్టితట్టలతో కట్టమీదికి రావలసినదే. బీట యొకచోట, చెమ్మ నూఱు గజముల దూరమున మఱియొకచోట కనబడెనా, అది వేఱు సంగతి. సాక్ష్యములు మూడున్నంతమాత్రమున చాలదు. అవి యొకే స్థలమునకు సంబంధించినవై యుండవలెను.

నేటి శాస్త్రజ్ఞులు ఎక్స్‌రే చిత్రమును, ఉష్ణచిత్రమును, సామాన్యమైన వెలుగు చిత్రమును ఒకదానిపై నొకటి పేర్చి చూచుట యనగా నీరటివాని యీ విద్యయే. మన తర్కశాస్త్రములో అంధగజన్యాయమని యొకటి కలదు. ఏనుగును తడవిన గ్రుడ్డివారిలో ఒకడది స్తంభమనెను, ఒకడు చేట యనెను, ఒకడు మోకు అనెను. వారిలో అబద్ధమాడినవా డొక్కడును లేడు. ఎవని చేతికి దొరికినది వాడు నిజముగానే చెప్పెను. ఆ మాటలను చేర్చి కూర్చువాడు లేకపోవుటయే అచటి లోపము. ఆ కూర్పు ఆకాశవిద్యలో ఎట్లు వచ్చినదో, అందు మన హైదరాబాదునకు, మన పల్లెల పొలములకు గల పాత్ర యేమో చెప్పుటయే నేటి నా ప్రయత్నము.

మొదటిది మన సహజనేత్రమునకు గోచరమగు వెలుగు. ఇందు మన రాజ్యము వెనుకబడి యుండలేదు. 1901లో నవాబు జఫర్ జంగు అను విద్యాప్రియుడు ఫిసల్‌బండ యందు స్వంత ధనముతో వేధశాలను స్థాపించి, 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించెను. ఆయన 1907లో గతింపగా, 1908లో నిజాము ప్రభుత్వము వేధశాలను చేపట్టి పిమ్మట బేగంపేటకు తరలించెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సంక్రమించెను. ఆ కాలమున ప్రపంచమందలి వేధశాలలు కొన్ని, అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు, ఆకాశమును పట్టీలుగా పంచుకొని ఛాయాచిత్రములు తీసి, ప్రతి నక్షత్రమునకు స్థానము నిర్ణయించు మహాకార్యమును తలపెట్టియుండెను. 1887లో పారిసు నగరమున సంకల్పింపబడిన కార్యమది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగా 17 మొదలు 23 అంశల వఱకు గల పట్టీ మన హైదరాబాదు వంతునకు వచ్చినది.

చెప్పుటకిది సులభము. రాత్రులయందు గాజుపలకలపై ఆకాశమును పట్టుట, పగళ్ళయందు ఆ పలకలమీది చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి వ్రాయుట. ఇట్లు ఏండ్ల తరబడి సాగెను. 1918 మొదలు 1944 వఱకు అధ్యక్షత వహించిన టి. పి. భాస్కరన్ గారి కాలమున ఈ పని చాలవఱకు నెఱవేఱినది. తమ పట్టీతో ఊరకుండక ఉత్తరాకాశమున వేఱొకరు ముగింపలేకపోయిన భాగమునందును వారు చేయివేసిరి. మొత్తము ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రముల స్థానములు 12 సంపుటములలో అచ్చుపడినవి. గ్రామమున కరణము సర్వే నంబరులు వ్రాసి యుంచనిదే భూమి తగవు తీరదు. అట్లే ఆకాశమునకు ఇట్టి పహాణీ లేనిదే ఒక కన్ను చూచినదానిని మఱియొక కన్ను చూచినదానితో సరిపోల్చుట సాధ్యము కాదు. ఈ మాట ముందు మనకు పనికివచ్చును.

రెండవది వేడిమి యను వెలుగు. 1800లో ఇంగ్లాండున విలియం హెర్షెల్ అను జ్యోతిష్కుడు సూర్యకిరణమును గాజుపట్టకము గుండ ప్రసరింపజేసి, విడివడిన రంగులలో ఏ రంగునకెంత వేడి కలదో ఉష్ణమాపకములతో పరీక్షించుచుండెను. ఎఱుపు రంగు ముగిసిన పిదప, ఏ వెలుగును కానరాని చోట నుంచిన ఉష్ణమాపకము మిగిలినవానికన్న ఎక్కువగా నెక్కెను. కంటికి కానరాని వెలుగొకటి యున్నదని మానవుడు ప్రమాణపూర్వకముగా నెఱిగినది అప్పుడే. ఎఱుపునకు అవతల నున్నది గావున దానిని పరారుణ మనుచున్నారు. పొయ్యినుండి దింపిన కుండ నిప్పువలె వెలుగకున్నను, చేయి దగ్గఱకు చేర్చిన మాత్రమున సెగ తగులును గదా! ఆ సెగలో పెద్దపాలు ఈ పరారుణమే. పిమ్మట 1880 ప్రాంతమున అమెరికావాడైన లాంగ్లీ, సన్నని లోహపుపట్టీకి సెగ తగిలినప్పుడు దానిలోని విద్యుత్ప్రవాహము మాఱుటను కనిపెట్టి, అతిస్వల్పమైన వేడిమినైనను కొలుచు పరికరమును నిర్మించెను. దాని సంతతియే నేటి ఉష్ణనేత్రములు.

మూడవది ఎక్స్‌రే. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీ దేశమున రాంట్జెన్ పండితుడు దీనిని కనుగొనెను. గణితమున తెలియని రాశికి పెట్టు గుఱుతునే దీనికి పేరుగా నుంచెను. ఆయన భార్య చేతిని తీసిన చిత్రములో మాంసము మాయమై ఎముకలును, ఉంగరమును మాత్రము కనబడెను. నెలలు తిరుగకముందే వైద్యులు దీనిని గ్రహించిరి. అయితే ఒక భేదము గమనింపవలెను. వైద్యాలయమున యంత్రము కిరణములను పుట్టించును. అవి మన దేహము గుండ పోవును. ఆకాశమున అట్లు కాదు. లక్షల, కోట్ల డిగ్రీల వేడిగల వాయువులును, మహావేగమున పరుగిడు విద్యుత్కణములును తామే ఎక్స్‌రేలను వెలిగ్రక్కును. ఆకాశపు ఎక్స్‌రే చిత్రమనగా ఎముకల చిత్రము కాదు. ఎచట ప్రచండమైన ఉత్పాతము జరుగుచున్నదో దాని చిత్రము.

పరమేశ్వరునకు సూర్యచంద్రాగ్నులు మూడు కన్నులని మన పెద్దలు చెప్పిరి. పూర్వులకు ఎక్స్‌రేలు తెలిసియుండెనని వాదింపవలెనను తలంపు నాకు లేదు. అట్టి వాదము పూర్వులకును గౌరవము కాదు, శాస్త్రమునకును గౌరవము కాదు. మూడు చూపులున్నవని మనస్సున నుంచుకొనుటకు మాత్రము ఆ మూర్తిని తలచుకొనిన చాలును.

ఇక చిక్కు ఎచట వచ్చినదనగా, మన తలపై నున్న గాలి ఎక్స్‌రేలను నేలకు చేరనీయదు. పరారుణములో చాలభాగమును గాలియందలి నీటియావిరి మ్రింగివేయును. ఈ గాలి లేకున్న జీవకోటి నిలిచియుండెడిది కాదు. కనుక గాలి మనకు కవచము. ఆకాశమును పరిశీలించువానికి మాత్రము తెర. కన్నులు మూడున్నను ఒకదానికి పూర్తిగాను, రెండవదానికి చాలవఱకును గంత కట్టినట్లైనది. గంత విప్పవలెనన్న గాలిని దాటి పైకి పోవలెను.

1962 జూన్ 18వ తేదీన అమెరికాలో రికార్డో జక్కోని మొదలగువారు ఒక రాకెట్టును ఎగురవేసిరి. అది గాలిపైన నిలిచినది కొద్ది నిమిషములే. చంద్రునినుండి ఎక్స్‌రేలు వచ్చునేమో చూతమని వారు పోగా, వృశ్చికరాశి దిక్కునుండి ఊహింపరాని ఎక్స్‌రే వెలుగు కానవచ్చెను. ఈ విద్యకు జక్కోని నాటిన విత్తునకు 2002లో నోబెల్ బహుమానము ఫలముగా లభించెను. కాని 1962నాటి ఎక్స్‌రే కన్ను మసకకన్ను. వృశ్చికమున ఆ దిక్కున ఏదో యున్నదని చెప్పగలిగెనే కాని, 'ఇదిగో యీ చుక్క' యని చూపలేకపోయెను. నాలుగేండ్లపాటు ఆ వెలుగు ఇల్లు తెలియని యతిథిగా నుండెను. మఱింత సూక్ష్మమైన ఎక్స్‌రే పరికరముతో స్థానము కుదించి, ఆ కొద్ది స్థలమును జపానునందును అమెరికాయందును దూరదర్శినులతో వెదకగా, 1966లో నీలివన్నెగల మసకచుక్క యొకటి దొరకెను. ఎక్స్‌రేలలో ఆకాశమునంతటిని మించి వెలుగునట్టిది కంటికి కానరానంత చిన్నచుక్క! ఒక్క ఎక్స్‌రే కన్నుతో దాని యునికి తెలియలేదు. ఒక్క సహజనేత్రముతో దాని మహిమ తెలియలేదు. రెండును కలిసిననాడే సంగతి తెలిసినది.

రాకెట్టునకు వ్యయమెక్కువ, వ్యవధి తక్కువ. గంటల తరబడి చూడవలెనన్న బుడగలే శరణ్యము. 1945లో హోమీ భాభా స్థాపించిన టాటా సంస్థవారు విశ్వకిరణముల పరిశోధనకై బుడగలు ఎగురవేయుటలో ఆరితేఱినవారు. వారు హైదరాబాదును ఎంచుకొనుటకు రెండు కారణములు ముఖ్యములు. భూమి యొక పెద్ద అయస్కాంతము; దాని మధ్యరేఖకు మనము సమీపమున నున్నాము. విశ్వమునుండి వచ్చు విద్యుత్కణములలో అనేకములను ఆ అయస్కాంతము ఇచటికి చేరనీయక మరల్చును. కనుక ఎక్స్‌రే పరికరమునకు ఇచట రణగొణధ్వని తక్కువ. సద్దుమణిగిన యింట చిన్నమాటయు వినబడునట్లు క్షీణమైన కిరణమును తెలియును. రెండవ కారణము మన పీఠభూమి. బుడగ తూర్పునకు పోయినను పడమరకు పోయినను సముద్రము చాల దూరము. పరికరము నేలమీదనే దిగును. నేలయనగా ఎవరి నేల? రైతుల చేలు, ఊరి బీళ్ళు, చెఱువుల శిఖములు. ఈ శాస్త్రమునకు మన పొలములే దిగుడుమెట్లు.

1968లో హైదరాబాదునుండి ఎగిరిన బుడగ ఆ వృశ్చికపు ఎక్స్‌రే చుక్కను పరిశీలించెను. 1970 ప్రాంతమునకు ఇ.సి.ఐ.ఎల్. వద్ద స్థిరమైన బెలూను కేంద్ర మేర్పడెను. ఆ బుడగలను గూర్చి కొంచెము చెప్పెదను. ఉల్లిపొరవంటి పలుచని ప్లాస్టిక్కుతో వానిని ఆ కేంద్రముననే తయారు చేయుదురు. లోపల హైడ్రోజన్ వాయువు నింపుదురు. విడుచునప్పుడు, పెద్ద సంచి అడుగున పిడికెడు అటుకులున్నట్లు, పైకొసన మాత్రమే వాయువుండి తక్కినది వ్రేలాడుచుండును. పైకి పోయినకొలది చుట్టుపట్ల గాలి పలుచనగుటచే లోపలి వాయువు వ్యాపించి, బుడగ 50 మొదలు 85 మీటర్ల వెడల్పునకు ఉబ్బును. 30 మొదలు 42 కిలోమీటర్ల యెత్తున నిలుచును. అచటికి పోవునప్పటికి నూటికి తొంబదియెనిమిది పాళ్ళకు మించిన గాలి క్రిందనే యుండిపోవును. పని ముగిసిన పిమ్మట నేలనుండి ఆజ్ఞ యిచ్చి పరికరమును విడదీయగా, అది రంగుల గొడుగుతో మెల్లగా దిగును. ఆ గొడుగునే పారాచూటు అనుచున్నారు.

ఎక్స్‌రే కన్ను ఎగిరిన యీ మైదానమునుండియే ఉష్ణనేత్రమును ఎగిరినది. 100 సెంటీమీటర్ల అద్దముగల పరారుణ దూరదర్శినిని టాటా సంస్థవారు నిర్మించి అనేక పర్యాయములు పంపిరి. వేడిమిని చూడవలసిన కన్ను తానే వేడిగా నుండరాదు. జ్వరముతో కాలుచున్న చేతితో ఇతరుల జ్వరము చూడగలమా? కావున దాని గ్రాహకమును ద్రవ హీలియముతో అతిశీతలముగ చల్లార్చి పంపుదురు. దట్టమైన ధూళిమేఘములలో క్రొత్తగా పుట్టుచున్న నక్షత్రములు సామాన్యపు వెలుగునకు కానరావు. ఆ ధూళి కాగి విడుచు సెగను ఈ కన్ను చూచును. సహజనేత్రమునకు బేగంపేట వేధశాలతోబాటు జపాల-రంగాపురమున 48 అంగుళముల దూరదర్శిని కూడ ఏర్పడెను. ఇట్లు ఒక్క నగరము చుట్టును మూడు కన్నులును తెఱచుకొన్నవి. ఈ సంగతి మన ప్రాంతమువారికి తెలిసినది స్వల్పము.

ఈ మూడు చూపులను కలుపుటవలన ఏమి లాభమో ఒక్క నిదర్శనముతో చూపెదను. 1054లో చీనా జ్యోతిష్కులు వృషభరాశిలో క్రొత్తచుక్క యొకటి పుట్టినదనియు, 23 దినములు పట్టపగలును కనబడెననియు వ్రాసియుంచిరి. అది పుట్టుక కాదు, మరణము. ఒక మహానక్షత్రము ప్రేలిపోవుట. ఆ చోట నేడు మేఘమువంటి శేషమున్నది. దానిని కర్కట నీహారిక యందురు. పేరునుబట్టి కర్కాటకరాశిలో వెదుకరాదు. అది వృషభపు కొమ్ముకొన దాపున నున్నది. సహజమైన వెలుగులో చూచిన అది చిక్కుపడిన దారపు పోగులవలె నుండును. అవి ప్రేలుడులో చిమ్మిన వాయువులు. పరారుణమున చూచిన ఆ పోగులలో చల్లాఱిన ధూళి తెలియును. ఎక్స్‌రేలో చూచిన పోగులు మాయమై, నడుమ నొక వలయమును, దానినుండి వెడలు ధారయు కానవచ్చును. ఆ వలయపు కేంద్రమున మన నగరమంతకన్న పెద్దదికాని గోళమొకటి సెకనుకు 30 మారులు తిరుగుచు ఆ మేఘమునంతటిని నేటికిని వెలిగించుచున్నది. మొదటి చిత్రము శవమును చూపినది, రెండవది భస్మమును చూపినది, మూడవది ఇంకను కొట్టుకొనుచున్న గుండెను చూపినది. హైదరాబాదు బుడగల ఎక్స్‌రే పరికరములు పలుమారులు గుఱిపెట్టిన వస్తువులలో ఈ నీహారిక యొకటి.

పత్రికలలో ఇట్టి చిత్రములు రంగురంగులుగా అచ్చుపడుట మీరు చూచియుందురు. ఒక మాట దాచక చెప్పవలెను. ఎక్స్‌రేకు గాని పరారుణమునకు గాని మన కన్నెఱిగిన రంగు లేదు. ఎక్స్‌రేకు నీలము, వేడిమికి ఎఱుపు అని శాస్త్రజ్ఞులు తామే రంగులు తొడుగుదురు. గ్రామపటములో చెఱువునకు నీలిరంగు వేయుట చెఱువు నీలముగా నుండుటచేత కాదు గదా! రంగు మన సంకేతము. ఆకారమును స్థానమును మాత్రము సత్యములు. మూడు చిత్రములను పేర్చునప్పుడు తెలిసిన నక్షత్రములను హద్దురాళ్ళుగా పెట్టుకొని, ఒకే కొలతకు తెచ్చి, రాయికి రాయి కలుపుదురు. గాజుపలకలపై చుక్కలను కొలిచినవారి ఓపిక వృథా కాలేదనుట కిదియే కారణము.

స్థలము కుదిరినంతమాత్రమున చాలదు, కాలమును కుదురవలెను. ఎక్స్‌రే చుక్కలలో కొన్ని క్షణక్షణమునకు వెలుగు మార్చును. నిన్నటి ఎక్స్‌రేను నేటి వెలుగుచిత్రముతో కలుపుట, ఒకని నాడియు మఱియొకని నాలుకయు చూచి మందిచ్చుటవంటిది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ దేశమునుండి ఎగిరిన మన తొలి యుపగ్రహము ఆర్యభటలో ఎక్స్‌రే పరికరముండెను. విద్యుత్తు లోపించుటచే కొద్దినాళ్ళకే ఆ పరిశోధన ఆగిపోయెను. నలుబదియేండ్ల పిమ్మట, 2015 సెప్టెంబరు 28న, శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహము పి.ఎస్.ఎల్.వి. రాకెట్టుపై 650 కిలోమీటర్ల యెత్తునకు చేరెను. ఎక్స్‌రే కన్నులును, అతినీలలోహితపు కన్నును, సామాన్యపు వెలుగు కన్నును ఒకే బండిలో కూర్చి ఒకే వేళ ఒకే చుక్కవైపు త్రిప్పుట దాని విశేషము. ఉష్ణనేత్రము మాత్రము అందు లేదు. అయిదేండ్లు పనిచేయవలెనని పంపిన ఆ యుపగ్రహము గడువు దాటియు పనిచేసినది. అందలి పెద్ద ఎక్స్‌రే పరికరము, మన పొలములలో దిగిన బుడగల పరికరముల వంశములోనిదే. అమెరికావారు ఆకాశమున నిలిపిన మూడు కన్నులు వేఱు వేఱు బండ్లలో నున్నవి: 1990లో వెలుగునకు హబుల్, 1999లో ఎక్స్‌రేకు చంద్ర, 2003లో వేడిమికి స్పిట్జర్. స్పిట్జర్ 2020లో విశ్రమించెను. చంద్ర యనునది మన సుబ్రహ్మణ్య చంద్రశేఖరుని పేరే యని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతవఱకు పరుల కథ చెప్పితిని. ఇక నా కథ చెప్పి ముగించెదను. చెప్పుటకు సిగ్గగుచున్నది, అయినను చెప్పక తప్పదు.

నేను క్రొత్తగా ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన దినములలో ఒక పల్లెయందుంటిని. ఒక ఉదయమున జొన్నచేనిలో పెద్దపెట్టె పడినదనియు, దానిపై రంగుల గొడుగు పఱచుకొన్నదనియు పిల్లలు పరుగెత్తుకొని వచ్చి చెప్పిరి. నేను పోవునప్పటికే ఊరు ఊరంతయు అచట నున్నది. జొన్నకంకులు కాళ్ళక్రింద నలిగిపోయినవి. కొందఱు గొడుగుగుడ్డను కొడవళ్ళతో కోసి పంచుకొనుచుండిరి. కొందఱు లోహపు చట్రమును గడ్డపాఱలతో విఱుచుచుండిరి. చదువుకొన్నవాడను నేనొక్కడనే. ఆగుడని గట్టిగా చెప్పియున్న నా మాట వినియుందురు. నేను చెప్పలేదు. అంతేకాదు, "పంతులుగారూ, మీ వంతు" అని యెవరో నారింజరంగు గుడ్డముక్క నొకటి చేతికీయగా పుచ్చుకొంటిని.

మఱునాడు జీపులో నలుగురు వచ్చిరి. వారిలో చిన్నవాడొకడు విఱిగిన ముక్కలను గోనెసంచిలోనికి ఏరుకొనుచు, మొట్టమొదట అడిగిన ప్రశ్న, "తీగలు తగిలి పిల్లలకెవరికైన షాకు కొట్టినదా?" అని. ఎవరికిని ఏమియు కాలేదని తెలిసిన పిమ్మటనే పెట్టెను గూర్చి విచారించెను. ఆ రాత్రి చూచిన సమాచారము రేడియో మార్గమున అప్పటికే క్రిందికి చేరినదనియు, అది పోలేదనియు చెప్పెను. "కాని యీ కన్ను మరల ఎగురవలసియున్నదండీ. ఇక దీనిని మరల చేయుటకు చాలకాలము పట్టును" అనెను. ఆకాశపు సెగను చూచు కన్నొకటి కలదని నేను మొదట వినినది ఆతని నోటనే. ఆతడు కోపగించలేదు. కోపగించియున్న నాకు కొంత తేలికగా నుండెడిది.

ఇది పాతకాలపు సంగతి యనుకొనరాదు. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మర్పల్లి మండలమున పెద్ద గోళాకారపు వస్తువొకటి దిగగా, ఆకాశవాసుల వాహనమని జనులు గుమిగూడిరి. అది స్పెయిన్ దేశపు సంస్థ యొకటి పరీక్షకై ఈ హైదరాబాదు కేంద్రమునుండియే బుడగపై పంపిన గది. లోపల మనుష్యులెవరును లేరు.

కావున గ్రామపెద్దలైన మీకు నా విన్నపము. చలికాలమునను ఎండకాలపు మొదటను బుడగలు ఎగురు ఋతువు. విశాఖపట్టణము, హైదరాబాదు, షోలాపురము కలుపు గీత వెంబడి నున్న గ్రామములలో ఎచటనైనను అవి దిగవచ్చును. రంగుగొడుగుతో పెట్టె యేదైన మీ పొలమున దిగిన, మొదట పిల్లలను దూరముగ నుంచుడు. కొన్నింట ప్రమాదకరమైన విద్యుత్తుండును. విప్పవద్దు, కదల్పవద్దు, కోయవద్దు. దానిపై వ్రాసియున్న చిరునామాకు గాని, దగ్గఱి పోలీసు ఠాణాకు గాని, తపాలా కచేరికి గాని తెలుపుడు. కనుగొని కాపాడినవారికి ఆ సంస్థవారు తగిన పారితోషికమిత్తురు. శాస్త్రజ్ఞులు వచ్చువఱకు దానిచుట్టు నలుగురు పెద్దలు మంచములు వేసికొని కూర్చున్న చాలును. కట్ట తెగకుండ రాత్రులు కాచినవారికి ఇది యొక లెక్కలోనిది కాదు.

ఆనాటి గుడ్డముక్క నాయొద్ద ఇప్పటికిని ఉన్నది. నా తాళపత్ర పుస్తకములు రెండు దానిలోనే చుట్టియున్నవి. దానిని తిరిగి యీయవలెనని పలుమారులు తలచితిని. ఎవరికీయవలెనో తెలియక ఊరకుంటిని. మొన్న గండిమైసమ్మయొద్ద ఆ వెలుగును చూచి పెద్దలు ప్రశ్నించినప్పుడు, ఈయవలసినది గుడ్డ కాదని, ఈ మాటలని నాకు తోచినది. అవి నేటికి మీకు చేరినవి. సెలవు.